అన్న నిద్రపోయిన సీను

సినిమాలో ఎవరైనా చచ్చిపోతే అందరూ వాళ్ళ మొహం చూస్తారు. నేను పొట్ట చూస్తాను. ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తాను. ఆడుతుంది. ఎంత పెద్ద నటుడైనా సరే, పైన తెల్లగుడ్డ కప్పినా సరే, కాస్త ఓపిగ్గా చూస్తే ఎక్కడో ఒకచోట గుడ్డ కదులుతుంది. మా ఇంటామె మొదట్లో నవ్వేది, తర్వాత విసుక్కునేది. "నువ్వు సినిమా సూస్తున్నవా, పోస్టుమార్టం జేస్తున్నవా?" అని ఒకసారి థియేటర్లోనే గట్టిగా అనేసింది. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అప్పటి నుంచి ఆమెతో సినిమాకు వెళ్ళడం తగ్గించాను.

పటాన్‌చెరులో నేను పనిచేసిన కంపెనీ క్యాంటీన్‌లో టీ టైమ్ అంటే సినిమా టైమే. ఎవరికి ఏ సీను గుర్తుండిపోయిందో చెప్పుకోవడం, చెప్పేవాడు లేచి నిలబడి చేసి చూపించడం. మా బాయిలర్ ఆపరేటర్ ఒకాయన, తండ్రి కొడుకు ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసే సీను ఒకటి చెప్పేవాడు. వందసార్లు చెప్పాడు. వందసార్లూ వేలిముద్ర దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు బొంగురుపోయేది. ఆయనకు సంతకం రాదని మాకందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళం కాదు. బీహార్ నుంచి వచ్చిన లోడింగ్ మనిషి ఒకడు ఉండేవాడు. ప్లాట్‌ఫారం మీద నీళ్ళ చెంబు పట్టుకుని ఒకడు పరిగెత్తుతుంటే రైలు కదిలిపోయే సీను చెప్పేవాడు. సగం హిందీ, సగం మా తెలుగు. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన రోజు తప్పకుండా ఆ రైలు కదలాల్సిందే.

"నీకేది గుర్తుంది భాయ్?" అని నన్నడిగితే ఏదో ఒక ఫైటు పేరు చెప్పి తప్పించుకునేవాణ్ణి. ఆ ప్రశ్న వింటేనే ఒళ్ళు మండేది. గుర్తుండిపోవడం అదేదో గొప్పతనమైనట్టు, ఎంచుకుని దాచుకున్నట్టు మాట్లాడతారు. నా సీనును నేను ఎంచుకోలేదు. నిజం చెప్పాలంటే అది వద్దని నేను చేయగలిగిందంతా చేశాను.

మాది పటాన్‌చెరు పక్కన ముత్తంగి నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు. ఇప్పుడు అక్కడ గోడౌన్లు, లారీలు, ఔటర్ రింగ్ రోడ్డు. నేను చెప్పేది ఎనభైల సంగతి. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ నాట్లకు, కలుపుకు పోయేది. అన్న నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఏడో తరగతితో చదువు మానేసి, తర్వాత ఒక కెమికల్ కంపెనీలో హెల్పర్‌గా చేరాడు. వాడు మానేశాడు కాబట్టి నేను ఇంటర్ దాకా చదివాను. ఈ మాట వాడు ఒక్కసారి కూడా అనలేదు.

అన్నకు మూడు షిఫ్టులు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఇంటికి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్ర. ఎక్కడైనా నిద్రపోగలడు. కంపెనీ బస్సులో నిలబడి నిద్రపోయేవాడు, మంగలి కుర్చీలో గడ్డం సగం గీసి ఉండగా నిద్రపోయేవాడు. నోరు కొద్దిగా తెరుచుకునేది. పొట్ట ఇంతెత్తు లేచి పడేది. పని లేని రోజు అమ్మ పక్కన కూర్చుని కొంగుతో ఈగలు తోలుతూ ఉండేది. "వీనికి నిద్రే తల్లి. నేను సవతి తల్లిని" అని వచ్చిపోయేవాళ్ళతో అనేది. అన్నంత మాత్రాన లేచేది కాదు. వాడు లేచేదాకా అక్కడే ఉండేది.

ఒక ఎండాకాలం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతబడిన ఒక ఫ్యాక్టరీ ముందర షూటింగ్ పెట్టారు. సమ్మె సీను. గుంపు కావాలి. షూటింగ్ మేనేజర్ ఒకడు మెయిన్ రోడ్డు హోటల్ దగ్గరికి వచ్చి, "కార్మికుల మొహాలు కావాలి" అన్నాడట. పటాన్‌చెరులో నిలబడి ఆ మాట అనడానికి ఎంత తెలివి ఉండాలో చూడండి. అప్పుడే నైట్ షిఫ్ట్ దిగిన అన్న ఇంటికి రాకుండా అటే పోయాడు.

సాయంత్రం వచ్చి అమ్మతో, "హీరో పక్కన జెండ పట్టుకొని నిలవడ్డనే" అన్నాడు. అమ్మ గల్లీ అంతా తిరిగి చెప్పి వచ్చింది. ఆమె నీళ్ళకు పోయినప్పుడు అన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"అరేయ్, ఇయ్యాల నన్ను సంపిండ్రురా" అని నవ్వాడు.

పోలీసు కాల్పుల్లో నలుగురు కార్మికులు చనిపోతారట. నాలుగు శవాలను గేటు ముందర వరుసగా పడుకోబెట్టాలి. కదలకుండా ఎవరు పడుకుంటారని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది మావాడే. "రాత్రంత నిలవడి ఉన్న. పండుకో అంటే వద్దంటనా?" అన్నాడు. పడుకున్నాడు. నిజంగానే నిద్రపోయాడు. సీను అయిపోయి మిగతా ముగ్గురు శవాలూ లేచి బీడీలు కాల్చుకుంటుంటే వీడు ఒక్కడే ఉన్నాడు. ఎవరో వచ్చి మొహం మీద నీళ్ళు కొట్టి లేపారు.

షూటింగ్ వాళ్ళకు ఒక పద్ధతి ఉందట. శవంగా పడుకున్న నటుణ్ణి సీను కాగానే లేపి కెమెరా వైపు చూసి నవ్వమంటారట. ఆ నవ్వు కూడా కాస్త ఫిలిం మీద తీస్తారు. సినిమాలో పెట్టరు. దోషం పోవడానికి అంతే. ఆ నలుగురిలో హీరో తమ్ముడి వేషం వేసినాయన ఒకడు. ఆయనతో నవ్వించారు. అన్న కూడా పోయి ఆయన పక్కన నిలబడ్డాడట.

"'నువ్వెందుకయ్యా, నువ్వు గుంపు గద, పోయి టిఫిన్ తిను' అన్నరురా" అని అన్న నాకు చెప్పి మళ్ళీ నవ్వాడు. "అమ్మకు జెప్పకు. ఎర్రమిర్చి, ఉప్పు తిప్పి పొయ్యిలేస్తది. ఇల్లంత దగ్గుడే."

నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను, ఒక్క నవ్వుకు వాళ్ళ ఫిలిం ఎంత ఖర్చయ్యేది? వీడిది ప్రాణం కాదా? నాకు ఇలాంటి నమ్మకాలు లేవు. లేకపోయినా ఇప్పటికీ కోపం పోలేదు.

నాలుగు నెలలకు, సెకండ్ షిఫ్టులో, అన్న పనిచేసే చోట మంట లేచింది. అంతకంటే నాకు తెలియదు. సర్కారు దవాఖానకు వెళ్ళింది నేను ఒక్కణ్ణే. అప్పటికి ఇంటర్ అయి వేరే కంపెనీ స్టోర్స్‌లో చేరి నెల కూడా కాలేదు. శవాల గది ముందర కంపెనీ మనిషి రుమాలు ముక్కుకు పెట్టుకుని నిలబడ్డాడు. తెల్లగుడ్డలో మూట కట్టి ఉంది. ఎడమ చేతి వెండి కడియం మాత్రం చూపించారు. అన్నదే. కాగితం మీద సంతకం పెట్టాను.

అక్కడ పనిచేసే ముసలాయన నన్ను మర్యాదగానే అడిగాడు. "మొకం దిక్కు ఇప్పాల్నా బాబూ? తల్లికి సూపిస్తరా?"

"వద్దు" అన్నాను.

ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. చూడలేనిది నేను. భయం నాది. అమ్మ తట్టుకోలేదని నాకు నేనే సర్దిచెప్పుకుని, నా పిరికితనాన్ని ఆమె పేరు మీద రాసేశాను. ఇంటికి వచ్చాక అమ్మతో, "డాక్టర్లు ఇప్పొద్దన్నరమ్మా" అన్నాను.

అమ్మ మూట మీద పడి చేతులతో తడిమింది. "ఇటు దిక్కేనారా తలకాయ?" అని అడిగింది. నాకు తెలియదు. ఆఁ అన్నాను. పెండ్లి కానివాణ్ణి కాల్చకూడదన్నది మా పద్ధతి, అందుకే బొందలగడ్డలో పూడ్చాం. ఇంట్లో వాడి ఫొటో ఒక్కటి కూడా లేదు. గేట్ పాస్ మీద ఉండేది, అది వాడి జేబులోనే పోయింది. పెండ్లి కుదిరితే స్టూడియోకు పోయి దిగుదామనుకున్నాడు.

ఆ తర్వాత సినిమా వచ్చింది.

గల్లీలో ఎవరో చెప్పారు. అమ్మ నా దగ్గరికి వచ్చి, ఏడవకుండా, "వాని మొకం నేను సూడలేదు బిడ్డా. సినిమాల ఉన్నదంట. జెర సూపియ్యి" అంది. ఆమెకు తెలిసింది హీరో, జెండా. నాకు తెలిసింది గేటు ముందర నాలుగు శవాలు. కొడుకు శవాన్ని చూడని తల్లిని తీసుకుపోయి తెర మీద శవాన్ని ఎలా చూపించాలి? చెప్పేద్దామా అనుకుంటూనే రేపు, ఎల్లుండి అంటూ మూడు రోజులు జరిపాను.

చివరికి నేను ముందర చూసి వద్దామని పటాన్‌చెరులో మార్నింగ్ షోకు పోయాను. సమ్మె సీను వచ్చింది. అన్న నిజంగానే జెండా పట్టుకుని ఉన్నాడు. కన్ను మూసి తెరిచేంతసేపు, మొహం సగం. కాల్పులు మొదలయ్యాయి, జనం పరిగెత్తారు, వెంటనే హీరో కోర్టులో మాట్లాడుతున్నాడు. శవాలు లేవు. షూటింగ్‌లో తీసింది తీసి పారేశారనుకున్నాను. గుండె మీంచి బండ దించినట్టయింది. థియేటర్ బయటికి వచ్చి ఒక టీ తాగి, పరుగున ఊరికి పోయి అమ్మను తయారు కమ్మన్నాను. నా తెలివి అట్లా తెల్లారింది.

అమ్మ మంచి చీర కట్టుకుంది. మ్యాట్నీకి పోయాం. ఆడవాళ్ళ వైపు కాకుండా నా పక్కనే కూర్చుంది. జెండా సీనులో నేను చెయ్యి పట్టి, "అగో!" అన్నాను. ఆమె కనిపెట్టేలోపు పోయింది. "ఏడిరా? ఏడి?" అంటుండగానే కాల్పులు అయిపోయాయి. కోర్టు రాలేదు. గేటు వచ్చింది.

నాలుగు శవాలు. కెమెరా ఒక్కొక్కరి మీదుగా మెల్లగా జరుగుతోంది. మూడోది మా అన్న. తెర నిండా వాడి మొహం. నోరు కొద్దిగా తెరిచి ఉంది. చొక్కా మీద ఎర్ర రంగు. నేను కళ్ళు మూసుకున్నాను. పక్కన అమ్మ లేచి నిలబడిన చప్పుడు వినిపించింది.

"ఊపిరాడుతుంది!" అని అరిచింది. "అగో, సూడుండ్రి, పొట్ట సూడుండ్రి! వాడు బతికే ఉన్నడు! లేపుండ్రి, ఎవలన్న లేపుండ్రయ్యా వాన్ని!"

ముందర బెంచీల్లో ఎవడో నవ్వాడు. ఇంకొకడు, "కూసో అవ్వా, తెర అవుపడ్తలేదు" అన్నాడు. ఆ మాట అన్నవాడు దొరికితే ఇప్పుడైనా నేను ఊరుకోను. వెనక వరుసలో ఒక ఆడమనిషికి సంగతి అర్థమైనట్టుంది, లేచి వచ్చి అమ్మ భుజాలు పట్టుకుంది. ఇద్దరం కలిసి బయటికి తెచ్చాం.

సైకిల్ స్టాండ్ దగ్గర అమ్మ కింద కూలబడి నా మొహంలోకి చూసింది. "మనం మూట ఇప్పి సూడలె గదరా. ఊపిరి ఉన్నదో లేదో ఎవలు సూసిండ్రు?"

"డాక్టర్ సూసిండమ్మా."

"డాక్టర్ వాని తల్లా?" అంది.

అమ్మను ఆ ఆడమనిషి దగ్గర కూర్చోబెట్టి నేను మెట్లెక్కి ప్రొజెక్టర్ ఆపరేటర్ గదికి పోయాను. కొట్టడానికే పోయాను. పొద్దున లేని సీను ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అరిచాను. ఆయన మెషీన్ మీద నుంచి కళ్ళు తీయకుండా, "మార్నింగ్ షో సూసి మ్యాట్నీకి తెచ్చినవా భాయ్?" అని అడిగాడు. రెండు గంటలకు షిఫ్టు ఎక్కాల్సిన వాళ్ళే పొద్దున ఆటకు నిండుతారు. ఒకటింబావుకల్లా వదలకపోతే కంపెనీ బస్సులు పోతాయి, జనం గొడవ చేస్తారు. అందుకని ఆయన పొద్దున ఆటలో ఒక్కొక్క రీలు చివర నాలుగైదు నిమిషాలు వదిలేసి జల్దీగా రెండో మెషీన్ మీది రీలుకు మారిపోతాడు. గేటు సీను రీలు చివరలో ఉంది. ఇక్కడ అందరికీ తెలిసిన విషయమే అన్నాడు. షిఫ్టులు చేసేవాడి తమ్ముణ్ణి, షిఫ్టులు చేసేవాణ్ణి, నాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. బొందలగడ్డలో అన్న పక్కన కూర్చుని ఉంది. ఒళ్ళో పార అడ్డంగా పెట్టుకుని ఉంది. తవ్వలేదు. "జెర తవ్వి సూద్దాం బిడ్డా. ఒక్క మొకం దిక్కే" అని బతిమిలాడింది. నేనూ, మా చిన్నాయనా చెరొక రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చాం. పారను చిన్నాయన వాళ్ళింటికి పట్టుకుపోయాడు.

అమ్మ మూడో రోజు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మామూలుగానే అడిగింది. "ఇంకొక్కపారి సూపియ్యిరా. ఇగ నేను లొల్లి జెయ్య. నోరు మూసుకొని సూస్త."

గురువారం ఆఖరి రోజు. శుక్రవారం కొత్త సినిమా. వద్దంటే ఒక్కతే పోయేలా ఉంది. చూపిస్తే మళ్ళీ ఊపిరి, మళ్ళీ పార. నాకు ఏమీ తోచలేదు. ఆరోజు మ్యాట్నీకి ముందు మళ్ళీ ఆపరేటర్ దగ్గరికి పోయి చేతులు పట్టుకున్నాను. "అన్నా, పొద్దుగాల ఆటల ఎట్ల జేస్తవో ఈ ఆటల గట్లనే జెయ్యి. ఆ ఒక్క రీలు" అన్నాను. ఆయన "మంచిగ ఆలోచించినవా?" అని అడిగాడు. ఆలోచించానన్నాను.

అమ్మ ఆ రోజు కూర్చున్న తీరు నాకు గుర్తుంది. ముందుకు వంగి, ముందు కుర్చీ పట్టుకుని, రెండు చేతులూ బిగించి. కాల్పులు అయ్యాయి. తెర ఒక్కసారి ఎగిరి కోర్టు వచ్చింది. అమ్మ కదల్లేదు. ఇంకా వస్తుందేమోనని శుభం పడేదాకా అట్లాగే చూసింది. లైట్లు వేశాక కూడా లేవలేదు.

నేను ఏదో ఒకటి అనాలని, "పోదామా?" అన్నాను.

"నేను రెప్ప గొట్టినట్టుంది బిడ్డా" అంది. "కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. తుడుసుకునేలోపు పోయినట్టుంది. నా కర్మ."

నన్ను చెప్పుతో కొట్టినా అంత బాధ ఉండేది కాదు. తప్పు తన రెప్పల మీద వేసుకుంది. అప్పుడే చెప్పి ఉంటే ఫస్ట్ షో ఉంది, సెకండ్ షో ఉంది, ఆ రోజంతా సినిమా రీళ్ళ డబ్బా అక్కడే ఉంది. ఆటో మాట్లాడుకుని ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇంటికి వచ్చాక ఆమె మళ్ళీ బొందలగడ్డకు పోలేదు, తవ్వుదామనలేదు. పనికి పోయింది. ఎప్పుడైనా ఖాళీగా కూర్చుంటే మాత్రం కళ్ళు వెడల్పుగా తెరిచి, రెప్ప వేయకుండా ఎంతసేపు ఉండగలనా అన్నట్టు గోడను చూసేది. నేను అది చూశాను. రెండోసారి చూశాక ఉండలేక సెలవు పెట్టాను. ఆ సినిమా ఎక్కడ ఆడుతోందో థియేటర్లో కనుక్కున్నాను. మా దగ్గర ఆడిన డబ్బానే సదాశివపేట పోయి, జహీరాబాద్ పోయి, ఇప్పుడు జోగిపేటలో ఉందన్నారు.

"జోగిపేటల నడుస్తుందంటనే. పోదామా?" అని అడిగితే అమ్మ ఎందుకు, ఏమిటి అనలేదు. చెప్పులు తొడుక్కుంది.

బస్సు సంగారెడ్డి దాటాక ఆమె, "ఈసారి కండ్లు ముందుగాలనే తుడుసుకుంట" అంది.

మ్యాట్నీ. జనం పలచగా ఉన్నారు. బొమ్మ మీద పైనుంచి కిందికి గీతలు, వాన పడుతున్నట్టుంది. మాట మధ్యలో తెగి ఎక్కడో కలుస్తోంది. జెండా సీనులో అన్న ఉన్నాడో లేడో ఆ గీతల్లో తెలియలేదు. కాల్పులు సగంలో ఉండగానే తెర ఎగిరింది. కోర్టు.

నేను లేచి పరిగెత్తాను. ఆ ఆపరేటర్ పెద్దాయన. గేటు సీను ఎందుకు వదిలేశారు, ఇక్కడ ఏ కంపెనీ బస్సు పోతుందని అరిచాను. ఆయనకు కోపం రాలేదు.

"నేనేం ఇడిసిపెట్టలె బాబూ. రీలు కొసలు ముందుగాల ఖరాబైతయ్. ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు తెగుతయ్. తెగినకాడల్ల కోసి అతికిచ్చుకుంట వచ్చిండ్రు. నాకాడికి వచ్చేటాళ్లకే లేదది."

"కోసిన ముక్కలు?"

"ఊడ్సి పారేస్తరు. దాసి ఏం జేస్తరు?"

ఇంకెక్కడైనా ఉంటుందా అని అడిగాను. వేరే డబ్బాలు వేరే జిల్లాల్లో తిరుగుతుంటాయి, అవీ ఇట్లాగే ఉంటాయన్నాడు. మంచి డబ్బాలో నిండుగా ఉన్న సీనును నా నోటితో నేనే ఆపించానని ఆయనకు తెలియదు కదా, పాపం, కూర్చో నీళ్ళు తాగు అన్నాడు.

బస్టాండులో అమ్మ సిమెంటు బెంచీ మీద కూర్చుంది. నన్నేమీ అడగలేదు. తన రెప్పలనే మళ్ళీ తిట్టుకుంటోందేమోనని నాకు భయమేసింది. ఆమె ముందర నిలబడ్డాను.

"అమ్మా, అప్పుడు మన పటాన్‌చెరుల నువ్వు రెప్ప గొట్టలె. ఆ సీను రాలేదు. నేనే ఆపిచ్చిన."

"ఎందుకురా?"

"నువ్వు మల్ల ఊపిరాడుతుందంటవని. పార పట్టుకొని పోతవని."

అమ్మ "పిచ్చోడా" అంది. తిట్టినట్టు లేదు. "మొదటిపారి గాబరైన. ఇంటికొచ్చినంక నాకు సమజ్ గాలేదనుకున్నవా? వాడు పండుకున్నడు. నైట్ డ్యూటీ జేసొచ్చి పండుకున్నడు. గా నోరు తెర్సుడు నాకు తెల్వదా? ఇంకొక్కపారి వాని నిద్ర మొకం సూసుకుందామనుకున్న. అంతే బిడ్డా."

నేను అక్కడే, బస్టాండులో, జనం ముందర ఏడ్చాను. అంత పెద్దవాణ్ణి. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొంగుతో మొహం తుడిచింది. వీపు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చుంది.

"ఊకో. నువ్వేం జేస్తవ్, నా మీది పాయిరంతోనే జేసినవ్" అంది. "దవాఖానల గూడ నువ్వు మొత్తుకునే ఉంటవ్. మా అమ్మకు ఒక్కపారి మొకం సూపియ్యుండ్రి అని కాళ్ళు మొక్కే ఉంటవ్. ఆ డాక్టర్లే ఇననట్టుంది. కాదురా?"

సంగారెడ్డి బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. అమ్మ లేవకుండా నా మొహంలోకి చూస్తూ ఉంది.

"మొత్తుకున్ననమ్మా" అన్నాను. "వాళ్ళే ఇనలేదు."